లక్షా ఐదు వేలకు తీరిన బాకీ

ఆమెను అందరూ పళ్లమ్మ అనేవారు. కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో ఇరవై రెండేళ్లుగా పని. పెళ్లయిన కొత్తలో భర్త సరదాకి పెట్టిన పేరు ముందు వీధికి పాకి, అక్కణ్ణుంచి పళ్ల డాక్టర్ల దాకా పోయింది. ఆ పేరు విని పళ్లు అమ్మే మనిషనుకుని ఒకావిడ ఫోన్ చేసి రెండు డజన్ల అరటిపళ్లు పంపమంది. "మా పళ్లు మగ్గేవీ కావు, కుళ్లేవీ కావండీ. కావాలంటే పై వరస పద్నాలుగు, కింది వరస పద్నాలుగు పంపిస్తాను" అంది పళ్లమ్మ. ఆ మాట చెప్పుకుని ల్యాబులో వారం రోజులు నవ్వుకున్నారు.

ల్యాబంటే రెండు గదులు. ముందు గదిలో డాక్టర్లు పంపిన అచ్చులు విప్పి ప్లాస్టర్ పోసే బల్ల. వెనక గదిలో మైనం కరిగించే దీపం, పళ్ల సెట్లు ఉడికించే తొట్టి, మూడు పాలిష్ మోటార్లు. కిటికీ లేదు. ఎక్కడ చెయ్యి వేసినా తెల్లటి పొడి అంటుకునేది. సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు కనుబొమలు దులుపుకోవడం పళ్లమ్మకి అలవాటు.

ల్యాబు యజమానిని ఆమె మాస్టారు అని పిలిచేది. పని నేర్పింది ఆయనే. మైనంలో పన్ను నిలబెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదని, వదులుతూ నిలబెట్టాలని ఆయన చెప్పిన మొదటి పాఠం. డెబ్భై దాటాక ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. కొన్నాళ్లు ఎడమచేత్తో పట్టుకుని దాచాడు. ఒకరోజు పూర్తయిన పై సెట్టు చేతిలోంచి జారి నేల మీద రెండు ముక్కలైంది. ఆయన వంగి ముక్కలు ఏరుకోలేదు. స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"అమ్మాయ్, ఇక నా వల్ల కాదు. ఈ చెయ్యి నా మాట వినడం మానేసింది. నువ్వు తీసుకో" అన్నాడు. పళ్లమ్మకి నలభై ఎనిమిదేళ్లు. ఆయనకి మాత్రం ఆమె ఇంకా అమ్మాయే.

"ఏం తీసుకోమంటారు మాస్టారూ?"

"ఇదంతా. మోటార్లు, తొట్టి, ముప్పై మంది డాక్టర్లు, ఈ దుమ్ము. ఎనిమిది లక్షలు ఇవ్వు చాలు. బయటవాడికైతే పది చెప్తాను."

"బయటవాడికి పది చెప్పి ఎనిమిదికిస్తారు. మరి నాకు ఎనిమిది చెప్పి ఎంతకిస్తారు?"

"ఎనిమిదికే. దుమ్ముకి విడిగా డబ్బులు తీసుకోవడం లేదుగా!"

ఆ గదుల అద్దె ఒప్పందం ఇంకో నాలుగు నెలల్లో ముగుస్తుంది. ఆలోపు కొత్త ఒప్పందం ఎవరి పేరున రాయాలో బిల్డింగు ఓనరుకి చెప్పాలి. నాలుగు నెలలంటే బోలెడు సమయం అనిపించింది పళ్లమ్మకి. ఆ సాయంత్రం బస్సు ఎక్కకుండా నడుచుకుంటూ ఇంటికి వెళ్లింది. వెనక గది గోడకి కిటికీ కొట్టించాలి, పొడి లాగేసే ఫ్యాను పెట్టించాలి, మోకాళ్ల నొప్పితో పని మానేసిన ప్లాస్టరు ఆవిడని కూర్చుని చేసే పనికి మళ్లీ పిలవాలి అని దారి పొడుగునా లెక్కలు వేసుకుంది. తన జీవితంలో తనదంటూ ఒక తాళంచెవి ఉంటుందని ఆమె అంతకుముందు ఎప్పుడూ అనుకోలేదు.

ఆమె దగ్గర మూడు లక్షల ఐదు వేలు ఉన్నాయి. ఆరేళ్లు కడుపు కట్టుకుని దాచినవి. ఎనిమిది లక్షల్లో పావు వంతు, అంటే రెండు లక్షలు, చేతి నుంచి పెట్టుకుంటే మిగతా ఆరు లక్షలు లోన్ ఇస్తామని బ్యాంకు వాళ్లు చెప్పారు. కాగితాలన్నీ ఇచ్చిన వారం తర్వాత లోన్ ఆఫీసరు రమ్మని కబురు చేసింది.

ఆ ఆఫీసరు ముప్పై ఏళ్లు కూడా లేని అమ్మాయి. ఆ రోజు జలుబుతో ముక్కు ఎర్రబడి ఉంది. కంప్యూటరు తెర పళ్లమ్మ వైపు కొంచెం తిప్పింది.

"మేడం, మీ క్రెడిట్ రిపోర్టులో ఒక పాత లోన్ కనిపిస్తోంది. వ్యాను కోసం తీసుకున్నారు. రెండు లక్షల ఎనభై ఆరు వేలు బాకీ. రైటాఫ్ అని ఉంది."

"అంటే?"

"ఇక రావనుకుని బ్యాంకు వాళ్లు వదిలేసుకున్నారన్నమాట."

పళ్లమ్మ మొహం విప్పారింది. "వదిలేసుకుంటే ఇక లేనట్టేగా?"

"వాళ్ల లెక్కలో లేనట్టు. మీ లెక్కలో ఉన్నట్టు." ఆ అమ్మాయి తుమ్మి, చేతిరుమాలు వెతుక్కుంది. "మిగతావన్నీ బావున్నాయి మేడం. జీతం, అనుభవం, డాక్టర్లు ఇచ్చిన ఉత్తరాలు అన్నీ ఓకే. ఇదొక్కటి సెటిల్ చేసుకుని రండి. నేను పైకి పంపిస్తాను."

వెనక ఇంకా పదకొండు మంది ఉన్నారు. పళ్లమ్మ ఒక కాగితం ముక్క మీద "వ్యాను – సెటిల్ చేసుకోవాలి" అని రాసుకుని లేచింది.

ఆ వ్యాను సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఎనిమిదేళ్ల కిందట భర్త సొంతంగా సామాన్లు తోలుతానని సెకండ్ హ్యాండు వ్యాను కొన్నాడు. ఆయనకి జీతం చీటీ లేదు కాబట్టి లోన్ పళ్లమ్మ పేరున తీసుకున్నారు. పద్నాలుగు వాయిదాలు సక్రమంగా కట్టారు. పదిహేనో నెలలో ఇంజను పోయింది. బాగు చేయించిన నెలకే ఆయన ఫ్రిజ్ దించబోయి నడుం విరగ్గొట్టుకున్నాడు. వ్యాను షెడ్డులోనే తుప్పు పట్టి, షెడ్డు అద్దె కింద పోయింది. వసూలు వాళ్లు ఏడాది పాటు ఫోన్లు చేసి చేసి ఒకరోజు మానేశారు. ఫోన్లు ఆగితే బాకీ కూడా ఆగినట్టే అనుకున్నారు వీళ్లు. ఆయన ఇప్పుడు ఆసుపత్రి పార్కింగు దగ్గర కుర్చీలో కూర్చుని చీటీలు చించి ఇస్తున్నాడు.

ఇంట్లో మూడో మనిషి అత్తగారు. ఆమె పెట్టుకునే పళ్లు కోడలు చేసినవే. కోపం వస్తే వాటిని తీసి గ్లాసులో వేసి మరీ తిట్టేది. ఏమంటోందో ఎవరికీ అర్థమయ్యేది కాదు కనక గొడవలు పెద్దవయ్యేవి కావు. పాత లోన్ మళ్లీ తగులుకుందని వినగానే ఆమె పళ్లు తీసి గ్లాసులో వేసింది.

"నేనే తెచ్చాను, నేనే తేలుస్తాను" అన్నాడు భర్త. ఆయన అంత గట్టిగా మాట్లాడి చాలా కాలమైంది.

పాత బ్యాంకుకి ఫోన్ చేస్తే, ఆ బాకీని ఒక వసూళ్ల కంపెనీకి అమ్మేశామని చెప్పి నంబరు ఇచ్చారు. ఆ నంబరుకి చేస్తే మాట్లాడిన ఏజెంటు గొంతు తేనెలా ఉంది. పళ్లమ్మని మొదటి మాటకే అక్కా అన్నాడు.

"వడ్డీతో కలిపి ఐదు లక్షల పన్నెండు వేలక్కా. కానీ మీలాంటి వాళ్ల దగ్గర అంత ఎలా తీసుకుంటాం? ఈ నెల స్కీము ఉంది. రెండు లక్షలు ఒకేసారి కట్టేయండి, సెటిల్ చేసేద్దాం."

సెటిల్ అన్న మాట వినగానే పళ్లమ్మ ప్రాణం లేచొచ్చింది. ఆఫీసరు అన్న మాట, ఏజెంటు అన్న మాట ఒకటే. ఆమె కాగితం ముక్క మీద రాసుకున్నదీ అదే. అసలు మొత్తం, రెండు లక్షల ఎనభై ఆరు వేలూ కడితే చేతిలో పంతొమ్మిది వేలు మిగులుతాయి. అప్పుడు ల్యాబుకి పెట్టుకోవాల్సిన రెండు లక్షలు ఎక్కణ్ణుంచి వస్తాయి? లక్షా ఐదు వేలకి బేరం తెగితే ఇదీ తీరుతుంది, అదీ నిలుస్తుంది.

భర్త బేరానికి కూర్చున్నాడు. ఎనిమిది రోజులు బేరమాడాడు. పార్కింగు కుర్చీలోంచి, బస్టాపులోంచి, ఒకసారి తలకి సబ్బు పెట్టుకుని స్నానాలగదిలోంచి కూడా. నడుం ఎక్స్‌రే ఫొటో తీసి పంపాడు. లక్షా తొంభై, లక్షా అరవై, లక్షా ముప్పై. "నీ పిల్లల మీద ఒట్టేసి చెప్తున్నాను తమ్ముడూ, ఇక నా దగ్గర లేవు" అన్నాడు ఒకసారి. "నాకు పెళ్లే కాలేదన్నా" అన్నాడు ఏజెంటు. ఇద్దరూ నవ్వుకున్నారు. తొమ్మిదో రోజు లక్షా ఐదు వేలకి తెగింది.

"రిపోర్టులో క్లియర్ అయిపోతుందిగా?" అని పళ్లమ్మ రెండుసార్లు అడిగింది.

"నెలా నెలన్నరలో అప్‌డేట్ అయిపోతుందక్కా. మీరు నిశ్చింతగా ఉండండి."

డబ్బు కట్టిన పది రోజులకి ఉత్తరం వచ్చింది. "మీ ఖాతా సెటిల్ చేయబడినది. ఇకమీదట మీ నుండి మాకు రావలసినది ఏమీ లేదు" అని ఉంది. భర్త దాన్ని మూడుసార్లు పైకి చదివాడు. అత్తగారు నాలుగోసారి చదివించుకుంది. నాలుగు లక్షల ఏడు వేలు మిగిల్చిన మగాణ్నని ఆయన ఆ సాయంత్రం భార్యనీ తల్లినీ హోటలుకి తీసుకెళ్లాడు. పార్కింగు పనిలో చేరాక ఆయన బిల్లు తనే కట్టిన మొదటి రోజు అది. పళ్లమ్మ ఆయన వైపే చూస్తూ తిన్నది. ఆరేళ్లకు పైగా వంగి ఉన్న ఆ నడుం ఆ పూట కాస్త నిటారుగా కనిపించింది.

నలభై ఐదు రోజులు పూర్తయ్యాక, ఒక రోజు కూడా ముందు కాకుండా, ఆమె ఉత్తరం పట్టుకుని బ్యాంకుకి వెళ్లింది. ఆఫీసరు గుర్తుపట్టి నవ్వింది. రిపోర్టు కొత్తగా తెప్పించింది. చూస్తూ చూస్తూ నవ్వు ఆపింది.

"మేడం, మీరు మొత్తం కట్టలేదా?"

"సెటిల్ చేసుకున్నానమ్మా. ఇదిగో ఉత్తరం."

"అదే... సెటిల్డ్ అని వచ్చింది."

"మరి అదేగా కావాల్సింది?"

ఆ అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది. "మొత్తం కట్టేస్తే క్లోజ్డ్ అని పడుతుంది మేడం. సెటిల్డ్ అని పడితే, ఇవ్వాల్సినదాంట్లో కొంతే ఇచ్చి, మిగతాది అప్పిచ్చినవాడికి నష్టం చేశారని అర్థం. ఇప్పుడు దాని పక్కన కొత్త తేదీ కూడా పడింది. స్కోరు పదకొండు పాయింట్లు తగ్గింది. సెటిల్డ్ ఉన్నవాళ్లకి మా బ్యాంకులో ఏడేళ్ల దాకా వ్యాపారం లోన్ ఇవ్వరు."

"సెటిల్ చేసుకుని రమ్మన్నది నువ్వే కదమ్మా."

ఆఫీసరు మొహం పాలిపోయింది. "నేనా? అంటే... తేల్చుకుని రమ్మని అన్నాను మేడం. కట్టేసి రమ్మని. మామూలుగా మాట్లాడేటప్పుడు సెటిల్ అంటాం కదా."

"మామూలుగా నేనూ అలాగే అనుకున్నాను."

ఆ అమ్మాయిని తిట్టాలనిపించలేదు పళ్లమ్మకి. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఈసారి జలుబు కూడా లేదు.

"మొత్తం కట్టి ఉంటే ఇచ్చేవారా?" అని అడిగింది చివరికి.

"అప్పుడు మీ వాటా రెండు లక్షలు ఉండేవి కాదుగా మేడం. కష్టమయ్యేది."

"కట్టకుండా అలాగే వదిలేసి ఉంటే?"

"అలా అయితే అసలు ఇవ్వరు."

"అంటే మొదటి నుంచీ నాకు దారే లేదన్నమాట."

ఆఫీసరు కుర్చీ ముందుకి జరుపుకుంది. "ఒక పని చేసి చూడండి. తగ్గించిన డబ్బు కూడా కట్టేసి, సెటిల్డ్ తీసి క్లోజ్డ్ అని మార్చమని అడగండి. కొందరికి మార్చారు" అంది.

పళ్లమ్మ తిన్నగా ల్యాబుకి వెళ్లి మాస్టారుకి అంతా చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ రెండు లక్షల కోసమా ఇంత చేశావు? ముందే నాతో ఒక మాట అనకపోయావా అమ్మాయ్! నీ వాటా నేను వాయిదాల్లో తీసుకునేవాణ్నిగా. బ్యాంకు వాళ్లకి ముట్టిందని చీటీ రాసిచ్చేవాణ్నిగా."

ఆ మాట ఆమెకి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. అడగొచ్చని ఆమెకి తట్టనే లేదు. ఇరవై రెండేళ్లలో ఆయన్ని అడ్వాన్సు కూడా అడిగిన మనిషి కాదు.

"ఇప్పుడైనా మించిపోయిందేం లేదు. ఉన్నది కట్టేసెయ్. నా సంగతి తర్వాత చూసుకుందాం. ఇంకో ఐదు వారాలు ఉంది" అన్నాడు మాస్టారు.

అసలులో తగ్గించింది లక్షా ఎనభై ఒక్క వేలు. చేతిలో రెండు లక్షలున్నాయి. మర్నాడే భార్యాభర్తలిద్దరూ సెలవు పెట్టి, డబ్బు గుడ్డసంచిలో పెట్టుకుని వసూళ్ల కంపెనీ ఆఫీసుకి వెళ్లారు. పరుపుల కొట్టు పైన మూడో అంతస్తు. లిఫ్టు లేదు. భర్త ప్రతి మెట్టుకీ నడుం పట్టుకుంటూ ఎక్కాడు. లోపల యాభై మంది చెవులకి ఫోన్లు తగిలించుకుని ఒకేసారి మాట్లాడుతున్నారు. అందరి నోటా అక్కా, అన్నా, అంకుల్.

కౌంటరులో ఉన్న గుమాస్తా వీళ్లు చెప్పింది విని, మళ్లీ చెప్పమన్నాడు. "డబ్బు కడతారా? ఎందుకు?"

"మీరు తగ్గించింది కూడా కట్టేస్తాం. రిపోర్టులో క్లోజ్డ్ అని రాయించండి."

అతను కంప్యూటరులో చూశాడు. "మీ ఫైలు మూసేశాం సార్. బాకీ సున్నా చూపిస్తోంది. సున్నాకి డబ్బు తీసుకోవడం కుదరదు. ఏ పద్దులో రాయాలి?"

"మీకు రావాల్సిందే కదండీ!"

"మాకు రావాల్సింది ఏమీ లేదని మేమే ఉత్తరం ఇచ్చాం కదండీ."

భర్త సంచిలోంచి నోట్ల కట్టలు తీసి కౌంటరు మీద పెట్టాడు. "తీసుకో తమ్ముడూ. నీకు పుణ్యముంటుంది. అప్పుడు తగ్గించమని బతిమాలాను, ఇప్పుడు తీసుకోమని బతిమాలుతున్నాను." గుమాస్తా కంగారుగా వెనక్కి జరిగి, "లోపల పెట్టండి సార్, కెమెరాలున్నాయి" అన్నాడు. మాట్లాడుతున్న యాభై మందిలో నలుగురైదుగురు తలతిప్పి చూసి, మళ్లీ ఫోన్లలో పడ్డారు. ఇచ్చేవాళ్లు తమంతట తామే వచ్చి నిలబడటం వాళ్లెప్పుడూ చూసి ఉండరు.

కిందికి దిగాక భర్త ఆ తేనెగొంతు ఏజెంటుకి ఫోన్ చేశాడు. అతను ఎత్తాడు, గుర్తుపట్టాడు కూడా. "అయ్యో అన్నా, నేను ఆ కంపెనీ మానేసి నెలైంది. ఇప్పుడు వాటర్ ఫిల్టర్లు అమ్ముతున్నాను. మీకేమైనా కావాలా?" అన్నాడు.

పాత బ్యాంకుకి వెళ్లారు. ఖాతా అమ్మేశాం, ఇప్పుడు మాది కాదు అన్నారు. మా పుస్తకంలో లేని డబ్బు తీసుకోలేం అన్నారు. రిపోర్టు తయారుచేసే సంస్థకి ఆఫీసు ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఫిర్యాదు కంప్యూటరులోనే పెట్టాలి. ల్యాబుకి వచ్చే ఒక పళ్ల డాక్టరు దగ్గర కూర్చుని పెట్టించింది పళ్లమ్మ. జరిగింది జరిగినట్టు రాయించింది. ఇరవై ఎనిమిది రోజులకి జవాబు వచ్చింది. "మీ ఫిర్యాదును పరిశీలించాము. సంబంధిత కంపెనీ ఇచ్చిన సమాచారం సరైనదేనని ధ్రువీకరించింది. మార్పు అవసరం లేదు."

"అబద్ధమేమీ రాయలేదు వాళ్లు" అంది పళ్లమ్మ ఉత్తరం మడిచి.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ ముద్ద ముట్టలేదు. అత్తగారు ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది.

"నాకొక్క మాట చెప్పండి. బాకీ తీరిందా, లేదా?"

"తీరిందమ్మా" అన్నాడు కొడుకు.

"మరి ఏడుపెందుకు?"

"తీరినందుకే."

ముసలావిడ ఈసారి పళ్లు తీయలేదు. కంచం పక్కకి జరిపి, కోడలి వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

భర్త లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "నేను రెండు లక్షలకి ఒప్పుకుని ఉన్నా ఇదేగా అయ్యేది?" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

"ఇదే అయ్యేది. సెటిల్ అంటే సెటిలే."

"అయినా నేనే బేరమాడాను."

"నేనే ఆడమన్నాను."

ఆయన్ని ఓదార్చడానికి ఆమె ఇంకో మాట వెతికింది. దొరకలేదు. దొరికినా ఆయన విని ఉండేవాడు కాదు.

మాస్టారు ఒప్పందం గడువు దాటాక కూడా రెండు వారాలు ఆగాడు, తన జేబులోంచి అద్దె కట్టి మరీ. ఆ రెండు వారాల్లో పళ్లమ్మ ఇంకో మూడు బ్యాంకులు తిరిగింది. మూడింటిలోనూ తెర వైపు చూసి, ఆమె వైపు చూసి, తల అడ్డంగా ఊపారు. ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ వాళ్లు మాత్రం ఇస్తామన్నారు. నెలకి నూటికి మూడు వడ్డీ, ఇల్లు తాకట్టు. ఉన్నది అద్దె ఇల్లు. మాస్టారు కూడా వాయిదాల మీద మొత్తం ఇచ్చేద్దామనుకున్నాడు గానీ, ఆయన వైద్యానికి కావాల్సిన డబ్బు ఆ ల్యాబులోనే ఉంది. ఆ సంగతి ఆయన చెప్పలేక చెప్పాడు. ఆమె చివరి మాట దాకా ఆయన్ని చెప్పనివ్వలేదు.

పాత యంత్రాల వ్యాపారి ఒకడు వచ్చాడు. మోటార్లకి రేటు కట్టాడు, తొట్టిని తూకానికి అడిగాడు. డాక్టర్ల చిట్టా ఏం చేసుకోమంటారు అని పక్కన పడేశాడు. మొత్తం మూడు లక్షల నలభై వేలకి తెగింది. సామాను లారీ ఎక్కించే రోజు మాస్టారు రాలేదు. పళ్లమ్మే నిలబడి అన్నీ అప్పగించింది. కూలీలు మోటారు ఊడదీస్తుంటే, బోల్టులు తుప్పు పట్టి రావట్లేదంటే, ఎటు తిప్పాలో ఆమే చూపించింది. సామాను వెళ్లాక రెండు గదులూ ఊడ్చింది. గోడల మీద ఎక్కడ ఏ యంత్రం ఉండేదో పొడి పట్టని మేరని బట్టి తెలుస్తోంది. తాళంచెవి బిల్డింగు వాచ్‌మన్ చేతిలో పెట్టి వచ్చేసింది.

ఎవరూ తీసుకోని ఆ రెండు లక్షలు మిగలలేదు. మొదటి మూడు నెలలు ఆమెకి పని దొరకలేదు. అద్దెకి కొంత, అత్తగారి కంటి ఆపరేషనుకి కొంత, భర్త నడుం మళ్లీ పట్టేసి మంచాన పడ్డ నెలకి కొంత. ఐస్ ముక్క అరచేతిలో కరిగినట్టు కరిగిపోయాయి. భర్త మంచం దిగాక మళ్లీ పార్కింగులో చేరాడు. ఆయన ఎవరితోనూ బేరమాడటం మానేశాడు. కూరల దుకాణంలో ఎంత చెబితే అంత ఇచ్చి వస్తున్నాడు. పళ్లమ్మ కూడా ఏమీ అనదు.

ఇప్పుడామె ఊరవతల ఒక పెద్ద ల్యాబులో చేస్తోంది. అక్కడ పళ్లు యంత్రాలే చెక్కుతాయి. ఆమెకిచ్చింది పాలిష్ పని, సెట్టుకి ఇంత అని కూలీ. పొడి లాగే ఫ్యాన్లున్నాయి, వరసగా కిటికీలున్నాయి. మైనం లేదు. ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే క్రెడిట్ రిపోర్టు ఆమె తెప్పించి చూస్తుంది. ఆ మాట అక్కడే ఉంటుంది. ఏడేళ్లు పూర్తయ్యేసరికి ఆమెకి యాభై ఐదు దాటుతాయి.

ఒక మధ్యాహ్నం టీ బ్రేకులో పక్క బల్ల దగ్గర ప్లాస్టరు పోసే అతను, ఇద్దరు పిల్లల తండ్రి, ఫోన్ పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. క్రెడిట్ కార్డు బాకీ పెరిగిపోయిందని, సగం కడితే సెటిల్ చేస్తామంటున్నారని చెప్పాడు.

పళ్లమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. తన కథంతా చెప్పింది. సెటిల్డ్ అంటే ఏమిటో, క్లోజ్డ్ అంటే ఏమిటో, ఉత్తరంలో ఏ మాట ఉండేలా రాయించుకోవాలో, డబ్బు కట్టకముందే ఎందుకు రాయించుకోవాలో పూసగుచ్చినట్టు చెప్పింది. అతను కదలకుండా విన్నాడు.

"క్లోజ్డ్ అని రాయాలంటే మొత్తం కట్టాలిగా అక్కా?"

"మొత్తం కట్టాలి."

"నా దగ్గర సగమే ఉంది. అదీ ఈ నెల దాటితే ఉండదు. రోజుకి పదిసార్లు ఇంటికి ఫోన్ చేస్తున్నారు, మా ఆవిడ ఫోన్ ఎత్తాలంటేనే వణికిపోతోంది. ఏం చెయ్యమంటావు?"

ఆమె నోరు తెరిచింది. ఇంత తెలుసుకుని, ఇన్ని ఆఫీసుల మెట్లెక్కి వచ్చిన తనకి కచ్చితంగా ఏదో ఒకటి తెలిసే ఉంటుందనుకుంది. ఏమీ లేదు.

"నువ్వే చెప్పు" అన్నాడతను మళ్లీ.

"నాకు తెలీదు తమ్ముడూ" అంది పళ్లమ్మ.

వారం తర్వాత అతను ఒకరోజు ఆలస్యంగా వచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. కట్టేసి వచ్చానన్నాడు. నిన్నటి నుంచి ఒక్క ఫోన్ రాలేదని, ఆవిడ తనివితీరా నిద్రపోయిందని చెప్పాడు. అతని మొహం చూస్తే ఏ బరువో దిగినట్టుంది. పళ్లమ్మ మోటారు ఆపి, చేతిలో సెట్టుని పక్కన పెట్టింది.

"ఎంత తగ్గించారు?" అని అడిగింది.

"సగానికి సగం అక్కా" అన్నాడతను నవ్వుతూ.

"మంచిది" అంది ఆమె. మళ్లీ మోటారు వేసుకుంది.